కాలేయమునకు కషాయములు: ఒక ప్రశ్నకు సమాధానము

మొన్నటి సంఘ సమావేశము ముగిసిన పిదప వృద్ధ సభ్యులొకరు మమ్ము ప్రక్కకు పిలిచి, పట్టణమందున్న కుమారుడు పంపినదని యొక పొట్లమును చూపిరి. "ఏమండీ, ఇది కాచుకొని తాగితే లివరు శుభ్రపడుతుందట. పైన బొమ్మ చూస్తే మన బలురక్కసి లాగే ఉన్నది. మన బీళ్లలో కావలసినంత ఉన్నది గదా, కొనడమెందుకు?" అని యడిగిరి. బలురక్కసిని మాత్రము నోట పెట్టవద్దని అప్పుడే గట్టిగా చెప్పితిమి. తక్కిన సంగతులు నిలువుకాళ్లమీద చెప్పదగినవి కావు గాన ఇచట వ్రాయుచున్నాము.

ఆ పొట్లములోనిది మిల్క్ థిసిల్ అను మొక్క. అది మధ్యధరా సముద్ర తీరదేశములది. మన కుసుమ, ప్రొద్దుతిరుగుడు పైరుల కుటుంబమునకే చెందినది. ముండ్ల యంచులుగల వెడల్పాకులమీద పాలు చిందినట్లు తెల్లని చారలుండును. అవి మరియమ్మ పాలచుక్కలవలన కలిగినవని ఐరోపాలో పూర్వులు చెప్పుకొనెడి కథ. దాని పువ్వు ఊదా రంగు. బలురక్కసికిని ముండ్లాకులు, తెల్లని యీనెలు కలవు. కాని దాని పువ్వు పసుపు పచ్చనిది, త్రుంచినచో పచ్చని పాలు కారును. అది వేఱు కుటుంబపు మొక్క, విషము. దాని గింజలు ఆవాలను పోలియుండును. 1998 లో ఢిల్లీ నగరమున ఆ గింజల నూనె కలిసిన ఆవనూనెను వాడినవారికి కాళ్లు వాచి, గుండె దెబ్బతిని, అఱువదిమందికి పైగా మరణించిరి. బొమ్మను చూచి మొక్కను పోల్చుకొనుట ఎంత ప్రమాదమో మనవారు గ్రహింతురు గాక.

ఇక మిల్క్ థిసిల్ గుణము. అది ముఖ్యముగా గింజలో నున్నది. గింజనుండి తీసిన సిలిమరిన్ అను సారమును కాలేయరోగులపై పలుమారులు పరీక్షించిరి. ఫలితములు ఒకదానితో నొకటి పొసగలేదు. ఐరోపాలో విషపు పుట్టగొడుగులు తిన్నవారికి మాత్రము, ఆ సారములోని యొక పదార్థమును వైద్యులు రక్తనాళముద్వారా ఎక్కించుచున్నారు. అయితే సిలిమరిన్ నీట కరగుట మిక్కిలి స్వల్పము. కావున వేడినీట కాచినప్పుడు లోటాలోనికి దిగునది కొంచెమే. సాధారణముగా హాని లేదు గాని, పెట్టిన వెలకు తగిన మేలు కలదని మేము చెప్పజాలము.

మన యిండ్లలో ఈ పనికి వాడునది నేల యుసిరిక. వానకాలమున మెట్ట చేలలోను గట్లమీదను మూరెడుకు మించకుండ మొలచును. రెమ్మ క్రింది ప్రక్కన ఆవగింజకంటె కొంచెము పెద్దవియగు కాయలు వరుసగా నుండును. కాడ యెఱ్ఱబారి, కాయ గరుకుగా నున్నది వేఱు జాతి. (ఇదియు పూర్వము అమెరికా ఖండమునుండి వచ్చినదే యని వృక్షశాస్త్రజ్ఞులు తలంతురు, మిరపకాయ వలెనే మనదైపోయినది.) కామెర్లు వచ్చినవారికి దీనిని సమూలముగా నూరి మజ్జిగలో నిచ్చుట పరిపాటి.

1988 లో మద్రాసు పరిశోధకులు దీనినిగూర్చి యొక ఫలితమును ప్రకటించిరి. హెపటైటిస్-బి క్రిమిని కనుగొని 1976 లో నోబెల్ బహుమానమందిన బ్లంబర్గు పండితుడును వారిలో నొకడు. ఆ క్రిమిని రక్తమున మోయుచున్న 37 మందికి నెలదినములు దీని పొడి నీయగా 22 మంది రక్తమున దాని గుర్తు కానరాలేదు. మందులేని పొడి తిన్న 23 మందిలో నొక్కరికే అట్లయ్యెను. ఎందఱో ఆశపడిరి. కాని తరువాత ఇతర దేశములలో చేసిన పరీక్షలలో ఆ ఫలితము మరల రాలేదు.

మఱి పసరు త్రాగినవారు లేచి తిరుగుచున్నారు గదా యందురు. చెడునీటివలన వచ్చు కామెర్లు చాలమందికి కొన్ని వారములలో వానియంతట నవియే తగ్గును. మేమును బాల్యమున ఈ పసరు త్రాగి కోలుకొన్నవారమే. ఇరువది యేండ్లు దాని మహిమనే చెప్పుకొనుచు తిరిగితిమి.

ఇప్పుడు మా తప్పు నొకదానిని చెప్పవలసియున్నది. కొన్నియేండ్ల క్రిందట ఒక గ్రామమున గట్లమీద గడ్డిమందు కొట్టు పద్ధతిని మేమే చేసి చూపితిమి. మూడవనాడు పోయి చూడగా, ఆ గట్టుననే యొక పెద్దమ్మ నేల యుసిరిక పెఱుకుచుండెను. గ్లైఫోసేట్ వంటి మందు పడిన మొక్క కొన్ని దినములు పచ్చగానే యుండి పిమ్మట వాడును. చూపునకు భేదము తెలియదు. "ఇక్కడ మందు కొట్టారమ్మా" యనగా, "నాతో ఎవరు చెప్పారయ్యా? కోడలికి కామెర్లు, మజ్జిగలో ఇద్దామని" యనెను. నిజమే, పొలము యజమానికి తప్ప మేమెవ్వరికిని చెప్పలేదు. ఆ కోడలికి ఎనిమిదవ నెల. నీటివలన వచ్చు కామెర్లలో హెపటైటిస్-ఇ యనునది నిండు గర్భిణులలో నూటికి 20 నుండి 25 మంది ప్రాణములు తీయగలదు. ఆ సాయంకాలమే బండి కట్టించి ఆసుపత్రికి పంపితిమి. ఆమె బ్రతికినది; బిడ్డ దక్కలేదు.

కావున కన్నులు పచ్చబడినచో ముందు రక్తపరీక్ష చేయింపవలెను. గర్భిణులు, మద్యపానము చేయువారు, మగతగా మాటలు తడబడువారు, ఒడలంతయు దురదపుట్టి తెల్లని విరేచనమగువారు ఒక్కదినమైనను పసరుతో కాలయాపన చేయరాదు. ముక్కున పసరు పోయుట, వాతలు పెట్టుట బొత్తిగా కూడదు. పథ్యమని రోగిని పస్తుంచుటయు మంచిది కాదు. నేల యుసిరిక వాడదలచినవారు వైద్యునితో చెప్పి, పెరటి కుండీలో పెంచినదానినే వాడవలెను. మధుమేహమునకు మందు తినువారు ఈ మాట మఱింత గుర్తుంచుకొనవలెను.

నాటినుండి మందు కొట్టిన గట్టున ఎఱ్ఱగుడ్డ కట్టిన కఱ్ఱ పాతించుచు, ఊరిలో చాటింపు వేయించుచున్నాము. సంఘపు గిడ్డంగిలో అట్టి గుడ్డలు సిద్ధముగా నున్నవి. మందు డబ్బాతోపాటు సభ్యులు వానిని గుమాస్తా నడిగి తీసికొనవచ్చును, వెల లేదు.