ఆరిన వెలుగు – తరుగని మందు

విషమజ్వరమునకు (మలేరియా) మూలమైన సూక్ష్మజీవిని 1897లో సికింద్రాబాదునందు రోనాల్డ్ రాస్ దోమ కడుపులో కనుగొనెను. ఆ జ్వరమునకు వాడిన క్వినైను సింకోనా చెట్టు బెరడులోని సారము. దానిని నీరు కలిపిన గంధకామ్లములో కరిగించి, కంటికి కానరాని అతినీలలోహిత కిరణములను ప్రసరింపజేసినచో నీలికాంతి వెలువడును. ఇదియే ప్రతిదీప్తి. 1852లో స్టోక్స్ దీనిని వివరించెను.

ఆ ద్రావణమున కొంచెము ఉప్పు వేసినచో కాంతి తగ్గును. క్వినైను నశించినదా? లేదు. ఉప్పులోని క్లోరైడు కణములు, శక్తిని గ్రహించియున్న క్వినైను అణువులను తాకి, అది వెలుగుగా మారకమునుపే హరించును.

లెక్క: 1919లో స్టెర్న్, వోల్మర్ అను శాస్త్రజ్ఞులు చూపిన సూత్రము ఇది.

తొలి కాంతి ÷ మిగిలిన కాంతి = 1 + (స్థిరాంకము × ఆర్పు పదార్థపు గాఢత)

ఉదాహరణ: తొలి కాంతి 100, ఉప్పు వేసిన పిదప 40 అనుకొందము. 100 ÷ 40 = 2.5. అందు 1 తీసివేయగా 1.5. స్థిరాంకము 100 అనుకొన్నచో, గాఢత లీటరుకు 0.015 మోలు, అనగా ఉప్పు సుమారు 0.88 గ్రాములు మాత్రమే.

ఈ స్వల్పమైన ఉప్పును గమనింపక వెలుగునే నమ్మువాడు, మందు ఐదింట రెండు వంతులే యున్నదని భ్రమించును. ఆ భ్రమతో మోతాదు పెంచినచో రోగికి చెవులలో హోరు, చూపు మందగించుట మున్నగు ఉపద్రవములు కలుగవచ్చును.

మన పసుపు సైతము స్పిరిటులో బాగుగా మెరయును, నీటిలో మందగించును. కావున పాఠకులు మెరుపును మాత్రమే చూచి ఔషధబలమును నిర్ణయింపరాదు.