వీడియోలో ముఖం నల్లగా వస్తోందా? ఫోన్ మార్చే ముందు కుర్చీ తిప్పండి

ఫోన్ రివ్యూలు రాస్తానని తెలిశాక, ఊరెళ్తే నన్ను అందరూ రెండే ప్రశ్నలు అడుగుతారు. పదిహేను వేలల్లో మంచి ఫోన్ ఏది? నా ఫోన్ కెమెరా ఎందుకిలా తగలడింది? మొన్న చోడవరం దగ్గర వడ్డాదిలో మా పిన్నివాళ్లింటికి వెళ్తే కొత్త ప్రశ్న ఎదురైంది. పిన్ని కూతురు తన ఫోన్ నా చేతిలో పెట్టి, "అన్నియ్యా, ఫోను బాలేదా, నేనే బాలేనా?" అంది.

సంగతేంటంటే, తను ఒక ఆన్‌లైన్ ట్యూషన్ కంపెనీలో ఉద్యోగానికి అప్లై చేసింది. ఎనిమిదో తరగతి లెక్కల పాఠం మూడు నిమిషాలు చెప్పి వీడియో పంపాలి. పంపింది. "ముఖం స్పష్టంగా లేదు, ఆదివారం సాయంత్రంలోగా మళ్లీ పంపండి" అని జవాబొచ్చింది. నేను వెళ్లింది శనివారం. అప్పటికే ఇంట్లో రెండు తీర్మానాలు అయిపోయాయి. కొత్త ఫోన్ కొనేద్దామని బాబాయ్, "ఆ బ్యూటీ మోడేదో పెట్టి పిల్లని కాస్త ఎర్రగా చూపించరా" అని పిన్ని. చెల్లి చామనఛాయ కన్నా ఒక మెట్టు నలుపు. పిన్ని మాటకి తను ఏమీ అనలేదు, బోర్డు తుడుస్తూ కూర్చుంది.

వీడియో చూశాను. ఫోన్‌కి ఏ రోగమూ లేదు. వెనక కిటికీ బార్లా తెరిచి ఉంది, చుట్టూ తెల్ల సున్నం గోడ, నెత్తి మీద ట్యూబ్‌లైట్. అంతే, కేసు అక్కడే తేలిపోయింది.

ఫోన్‌కి మనిషి అందం తెలీదు, ఫ్రేములో వెలుగు ఎంత ఉందో మాత్రమే తెలుసు. దాన్ని బట్టి మొత్తం బొమ్మని ఒక మధ్యస్థమైన వెలుగుకి తేవాలని చూస్తుంది. ఫ్రేములో సగం కిటికీ, తెల్ల గోడ ఉంటే "అబ్బో, వెలుగు ఎక్కువైంది" అని ఎక్స్‌పోజర్ తగ్గించేస్తుంది. ఆ తగ్గింపు దెబ్బ ముఖం మీద పడుతుంది. తెల్లటి ముఖం ఎలాగో తట్టుకుంటుంది, నల్లటి ముఖం గోతిలో పడుతుంది. ఇప్పటి ఫోన్లలో ముఖాన్ని గుర్తుపట్టడం, హెచ్‌డీఆర్ లాంటివి ఉన్నా, వెనక మధ్యాహ్నపు ఎండ ఉంటే వాటికీ చేతకాదు.

ఇది ఇవాళ్టి సమస్య కూడా కాదు. రంగు ఫోటోల ల్యాబుల్లో రంగులు సరిచూసుకోడానికి కోడాక్ ఇచ్చిన "షర్లీ కార్డు" మీద ఏళ్ల తరబడి తెల్ల అమ్మాయి బొమ్మే ఉండేది. అన్ని రంగుల చర్మాన్నీ సరిగ్గా చూపించాలని గూగుల్ "రియల్ టోన్" పేరు పెట్టి మరీ పని మొదలెట్టి పిక్సెల్ 6లో తెచ్చింది 2021లో. అంటే పెద్ద కంపెనీలే ఇది తమ పని అని ఒప్పుకున్నాయి. చెల్లికి ముందు ఈ కథే చెప్పాను. లైటింగ్ తర్వాత.

మీరూ ఇప్పుడే ఒక పని చేయండి. గది మధ్యలో నిలబడి సెల్ఫీ కెమెరా ఆన్ చేసి, చెయ్యి చాచి, నెమ్మదిగా ఒక చుట్టు తిరగండి. మీ ముక్కు నీడని మాత్రమే గమనించండి. ఎక్కడ కళ్ల కింద గుంతలు పడుతున్నాయి, ఎక్కడ కళ్లలో చిన్న మెరుపు చుక్క కనబడుతోంది? ఆ చుక్క కనబడిన చోటే మీ కుర్చీ వెయ్యాలి. వేల రూపాయల లైట్లు కొన్నవాళ్లలో కూడా చాలామంది ఈ రెండు నిమిషాల పని చెయ్యరు.

పిన్నివాళ్ల హాలు కిటికీ ఉత్తరం వైపు ఉంది. అదృష్టం. మన దగ్గర మే మధ్య నుంచి జూలై చివరి దాకా తప్ప, మధ్యాహ్నం సూర్యుడు దక్షిణం వైపే ఉంటాడు. కాబట్టి ఉత్తరపు కిటికీలోంచి ఎండ కాదు, ఆకాశపు వెలుగు వస్తుంది, మెత్తగా. చెల్లి కుర్చీని కిటికీకి మూడడుగుల దూరంలో వేసి, వెలుగు ముఖానికి ఒక పక్క నుంచి, సుమారు 45 డిగ్రీల కోణంలో పడేట్టు తిప్పాను. రెండో చెంప మరీ చీకటయింది. చోడవరంలో కొన్న థర్మాకోల్ షీట్‌ని ఆ పక్కన స్టూలు మీద నిలబెట్టాం. కిటికీ వెలుగు దానికి తగిలి తిరిగి చెంప మీదకొచ్చింది. షీట్ దగ్గరికి జరిపితే నీడ పలచబడుతుంది, దూరం జరిపితే చిక్కబడుతుంది. నీడని పూర్తిగా చంపకండి. నీడ లేని ముఖం పాస్‌పోర్ట్ ఫోటోలా చప్పగా ఉంటుంది.

నల్లటి చర్మానికి లైటు ఎక్కువ కొట్టాలనేది అపోహ. చిన్న బల్బుని తిన్నగా ముఖానికి గురిపెడితే నుదుటి మీద, ముక్కు మీద తెల్లటి చుక్కలు మెరుస్తాయి, మిగతా ముఖం అలాగే ఉంటుంది. కావాల్సింది పెద్ద వెలుగు. కిటికీ అంత వెడల్పున్న వెలుగు చర్మం మీద పరుచుకుంటుంది, చెంప ఎముక గుండ్రదనం తెలుస్తుంది. తర్వాత ముఖం మీద వేలు నొక్కి పట్టి ఎక్స్‌పోజర్ లాక్ చేసి, సూర్యుడి గుర్తుని కొంచెం పైకో కిందకో జరపండి. గోడ తెలుపు కొంచెం ఎగిరిపోయినా పర్లేదు, మనం అమ్మేది గోడని కాదు. సెల్ఫీ కెమెరా వద్దు, చాలా ఫోన్లలో వెనక కెమెరా సెన్సారే పెద్దది.

బ్యూటీ మోడ్ కూడా పెట్టి చూపించాను, పిన్ని తృప్తి కోసం. తల తిప్పినప్పుడల్లా చెంప అంచు దగ్గర రంగు వణికింది. చెల్లి నవ్వేసింది. తీసేశాం.

శనివారం సాయంత్రం వెలుగు పోయాక రాత్రి సెటప్ కూడా ప్రయత్నించాం. బాబాయ్ తెల్ల పంచె ఒకటి అడిగి, తాడుకి ఆరేసినట్టు కట్టి, దాని వెనక ఎల్‌ఈడీ బల్బు పెట్టాం. బల్బు కన్నా పంచె పెద్దది కదా, ఇప్పుడు పంచే లైటు. ఇదేం నా తెలివి కాదు. సత్యజిత్ రాయ్ "అపరాజితో" (1956) కోసం స్టూడియోలో కాశీ ఇంటి సెట్ వేస్తే, ఆకాశం నుంచి దిగే మెత్తటి వెలుగు కోసం ఛాయాగ్రాహకుడు సుబ్రతా మిత్రా సెట్ మీద తెల్ల గుడ్డ పరిచి, లైట్లు దానికేసి కొట్టి, తిరిగొచ్చిన వెలుగులో తీశాడు. మా పంచె ఆ గుడ్డకి దూరపు చుట్టం. ఒక్క జాగ్రత్త, పాత ఫిలమెంట్ బల్బుకీ హాలోజెన్‌కీ గుడ్డ దగ్గర పెట్టకండి, అంటుకుంటుంది.

రాత్రి లైటుకి మూడు సంగతులు గుర్తుంచుకోవాలి. ముఖానికీ లైటుకీ దూరం రెట్టింపయితే వెలుగు దాదాపు నాలుగో వంతుకి పడిపోతుంది. అందుకే లైటుని మనిషికి దగ్గరగా, మనిషిని గోడకి దూరంగా ఉంచితే గోడ తనంతట తనే వెనక్కి తగ్గుతుంది. రెండోది, పసుపు బల్బు, 6500 కెల్విన్ తెల్ల ట్యూబ్‌లైట్ కలిపి వెలిగించొద్దు. ఒక చెంప పసుపు, ఒక చెంప నీలం అయితే ఏ యాప్ కూడా సరిచెయ్యలేదు. బల్బు డబ్బా మీద సీఆర్‌ఐ 90 పైన ఉంటే చర్మం రంగు నిజంగా కనబడుతుంది. మూడోది మినుకు. మన కరెంటు 50 హెర్ట్జ్, కొన్ని లైట్లు సెకనుకి వంద సార్లు వెలిగి తగ్గుతాయి. వీడియోలో చారలు కదులుతుంటే ప్రో మోడ్‌లో షట్టర్ 1/50 లేదా 1/100 పెట్టండి.

రింగ్ లైట్ గురించి అడుగుతారని తెలుసు. చెల్లికి కళ్లద్దాలున్నాయి, రెండు అద్దాల్లో రెండు గాజులు తొడిగినట్టు కనబడుతుంది. కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లు లైటుని కంటి ఎత్తు కన్నా బాగా పైకి, పక్కకి జరపాలి. నన్నడిగితే ఆ డబ్బుతో మంచి మైక్ కొనుక్కోండి.

ఆదివారం పొద్దున పది గంటలకి మొదలెట్టాం. రెండో టేక్‌లో కరెంటు పోయింది. కిటికీ వెలుగు కదా, మాకేం తేడా తెలీలేదు, పైగా ఫ్యాన్ చప్పుడు పోయి ఆడియో బాగొచ్చింది. ఐదో టేక్ ఓకే చేశాం. పిన్ని రెండు సార్లు చూసి "మా గుంటలాగే ఉంది" అంది. ఎర్రగా ఉందో లేదో అడగలేదు.

మూడింటికి పంపేసింది. కంపెనీ నుంచి ఇంకా జవాబు రాలేదు. థర్మాకోల్ షీట్ మాత్రం వాళ్ల తలుపు వెనకే ఉంది, పారెయ్యొద్దని చెల్లి ఆర్డరు.