విదేశాంగ మంత్రి సంతకం ఏం చేస్తుంది?

విదేశాంగ మంత్రి అనగానే మనకి విమానం దిగడం, చేతులు కలపడం, ఫొటోలు గుర్తొస్తాయి. అసలు పని మాత్రం కాగితం మీద జరుగుతుంది. మా యానాం చరిత్ర చూస్తే ఇది బాగా తెలుస్తుంది. నాది ఆ ఊరే కాబట్టి అక్కణ్ణుంచే చెప్తాను.

1954 నవంబరు 1న పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాంల పాలనను ఫ్రెంచివాళ్లు మన దేశానికి అప్పగించారు. అయితే చేతికొచ్చింది పాలన ఒక్కటే. చట్టం దృష్టిలో ఆ నేల ఇంకా ఫ్రాన్సుదే. హక్కు మారాలంటే రెండు ప్రభుత్వాల మధ్య ఒప్పందం కావాలి. 1956 మే 28న ఢిల్లీలో ఆ ఒప్పందం మీద మన తరఫున నెహ్రూ, ఫ్రాన్సు తరఫున వాళ్ల రాయబారి సంతకాలు చేశారు. నెహ్రూ ప్రధానిగా ఉంటూనే, 1964లో పోయేదాకా విదేశాంగ శాఖను కూడా తన దగ్గరే ఉంచుకున్నారు.

మరి సంతకంతో పని అయిపోయిందా? లేదు. ఇక్కడ సంతకం, ధ్రువీకరణ అనే రెండు మాటల్ని విడివిడిగా గుర్తుపెట్టుకోవాలి. తాంబూలాలు పుచ్చుకోవడం ఒకటి, తాళి కట్టడం ఇంకొకటి కదా! సంతకం అంటే షరతులు కుదిరాయని. ధ్రువీకరణ అంటే ఇక వాటికి కట్టుబడ్డామని. నేల వదులుకోవాలంటే ఫ్రాన్సులో పార్లమెంటు ఒప్పుకోవాలి. అల్జీరియా యుద్ధం ముగిసేదాకా అక్కడ ఆ పని కదల్లేదు. చివరికి 1962 ఆగస్టు 16న ధ్రువీకరణ పత్రాలు మార్చుకున్నారు. తాంబూలాలకీ తాళికీ మధ్య ఆరేళ్లు! ఆ తర్వాత మన పార్లమెంటు రాజ్యాంగానికి 14వ సవరణ చేసి, పుదుచ్చేరిని కేంద్రపాలిత ప్రాంతాల్లో చేర్చింది.

ఇంతకీ ఆ కాగితంలో ఏముంది? అక్కడ పుట్టి అక్కడే ఉంటున్న ఫ్రెంచి పౌరులు భారతీయులవుతారు. వద్దనుకున్నవాళ్లు ఆరు నెలల్లోపల రాతపూర్వకంగా ఫ్రెంచి పౌరసత్వం కోరుకోవచ్చు. అంటే ఒక మనిషి ఏ దేశంవాడో తేల్చుకోవడానికి ఆరు నెలలే గడువు. ఇంకో షరతు భాష గురించి: ప్రజాప్రతినిధులు వేరేగా నిర్ణయించేదాకా ఫ్రెంచే అధికార భాష. ఇంట్లో, సంతలో తెలుగు మాట్లాడుకునే ఊరికి కచేరీ భాష ఏదో కూడా ఢిల్లీలో పెట్టిన సంతకమే చెప్పింది! తెలుగు చదువుకునే మనం దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

అందుకే, ఇకమీద పేపర్లో ఏదైనా ఒప్పందం వార్త చూస్తే ఫొటో దగ్గరే ఆగకండి. ధ్రువీకరణ అయిందా, అందులోని షరతులు ఎవరి ఇంటిదాకా వస్తాయి అని అడగండి.