తెల్లకోటు లోపలి దిగులు

తార్నాకకు చేరువలో, లాలాగూడలో రైల్వేవారి పెద్దాసుపత్రి ఉంది. రాత్రి రెండు గంటలకు ఊరంతా నిద్రపోతున్నా వార్డుల్లో దీపాలు వెలుగుతూనే ఉంటాయి. పెద్ద ఆసుపత్రుల్లో ఇలా రాత్రిళ్ళు మేలుకునే వైద్య, నర్సింగు విద్యార్థుల మనసు ఎలా ఉంటుందో ఎప్పుడైనా ఆలోచించారా?

జాతీయ వైద్య కమిషన్ కార్యదళం 2024లో వెలువరించిన నివేదిక చూడండి. జవాబిచ్చిన 25 వేలకు పైగా ఎం.బి.బి.ఎస్. విద్యార్థుల్లో నూటికి దాదాపు 28 మంది తమకు మానసిక రుగ్మత ఉన్నదన్నారు!

చదువు బరువు, ఇంటి బెంగ, కళ్ళెదుట చూసిన మొదటి మరణం - కారణాలు చాలా ఉన్నాయి. మరి శరీరంలో ఏం జరుగుతుంది? మూత్రపిండాలపై టోపీల్లా అమరిన అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోనును స్రవిస్తాయి. ఇది మామూలుగా తెల్లవారేవేళకు పెరిగి, రాత్రికి తగ్గుతుంది. పరీక్ష ముందు కాస్త పెరిగితే మంచిదే. కాని రాత్రి డ్యూటీలు, ఎడతెగని ఆందోళన ఈ లయను చెడగొడతాయి. పైగా చదివినది మెదడులో కుదురుకోవడానికి నిద్ర కావాలి. నిద్ర మానినవాడు చదివింది మరిచిపోతాడు. మరిచిపోయానని ఇంకా మేలుకుంటాడు!

వింతేమిటంటే, రోగిని "దాచకుండా చెప్పు" అనేవారే తమ దిగులును దాచుకుంటారు, పిరికివారంటారేమోనని. జ్వరానికి లేని సిగ్గు దీనికెందుకు? దిగులు రెండు వారాలైనా వదలకపోతే వైద్యునికి చూపించుకోవాలి. చనిపోవాలనిపిస్తే ఒక్క పూటైనా ఆగకుండా పెద్దవారికి చెప్పాలి. 2022లో ప్రారంభమైన టెలి మానస్‌కు 14416 నంబరుపై రాత్రీ పగలూ ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే. కాబోయే డాక్టర్లే కాదు, మీరు కూడా.