పాత పనిముట్టు – పుట్టుపూర్వోత్తరాలు

చరిత్ర అనగానే మనకు శాసనాలు, తాళపత్రాలు, నాణేలు జ్ఞాపకం వస్తాయి. అటక మీద తుప్పు పట్టిన బాడిసగాని, కామ ఊడిన గొడ్డలిగాని జ్ఞాపకం రావు. పాత ఇనుము కొనేవాడు వీధిలో కేక వేస్తే తూకానికి వేసేస్తాము. నిజానికి అవీ ఆధారాలే. ఎవరు చేశారు, ఎక్కడ చేశారు, ఎప్పుడు చేశారు అనే మూడు ప్రశ్నలకు అవి జవాబు చెప్పగలవు. అడగడం మనకు తెలియాలి.

ఇందుకు గుండుగొలను వంటి ఊరు తగిన చోటు. ఉత్తరాన మెట్ట, దక్షిణాన కొల్లేరు, భీమడోలు మీదుగా పోయే ఏలూరు కాలువ, రైలుదారి, పెద్దరోడ్డు. వరిచేలో కొడవలి, మెట్టలో గొడ్డలి, తాటిదోనె తొలిచే బాడిస, కాలువ పనికి పార, వడ్రంగి ఇంట చిత్రిక – ఇన్ని రకాల పనులవాళ్ళు దగ్గర దగ్గరగా బ్రతికిన ప్రాంతమిది.

మొట్టమొదట చేయకూడనిది ఒకటి చెప్పాలి. ఇటుకపొడితోగాని, ఆకురాయితోగాని పనిముట్టును రుద్దకూడదు. తుప్పుతోపాటు అక్షరాలు కూడా పోతాయి. కిరసనాయిలు గుడ్డతో తుడిచి, పలుచని కాగితం పరచి పెన్సిలుతో మెల్లగా రుద్దితే కంటికి ఆనని ముద్ర కూడా కాగితం మీద తేలుతుంది.

ముద్ర కనబడగానే సంబరపడనక్కరలేదు. అది చేసినవాడి పేరు కావచ్చు, అమ్మినవాడి పేరు కావచ్చు, సొంతదారు పేరూ కావచ్చు. ఉదాహరణకు సుత్తి మీద ‘ఎం. ఎస్. ఎం.’ అనే రైల్వే అక్షరాలు ఉన్నాయనుకోండి. మద్రాసు అండ్ సదరన్ మరాఠా రైల్వే 1908లో ఏర్పడి, 1951లో దక్షిణ రైల్వేలో కలిసిపోయింది. కనుక ఆ ముద్ర ఈ నడుమ కాలంలో వేసినదే. కాని అది సొంతదారు గుర్తు. సుత్తి చేసిన కంపెనీ వేరే ఉంటుంది.

ఇనుప చిత్రిక మీద ‘స్టాన్లీ’ అని ఉంటే అది అమెరికాలోని న్యూబ్రిటన్‌లో మొదలైన కంపెనీ. కొన్నింటి మీద పేటెంటు తేదీలు పోతపోసి ఉంటాయి. వాటిలో చివరిది 1910 ఏప్రిల్ 19 అయితే చిత్రిక అంతకు ముందుది కాజాలదు. తర్వాత ఎన్నేళ్ళకైనా చేసి ఉండవచ్చు. అదే కంపెనీ 1936లో ఇంగ్లండులోని షెఫీల్డులో ఒక కర్మాగారాన్ని కొన్నది. కాబట్టి ‘ఇంగ్లండులో చేసినది’ అని ఉన్న స్టాన్లీ చిత్రిక అంతకు పూర్వపుది కాదు. పార మీద టాటావారి ‘అగ్రికో’ ముద్ర ఉంటే అది 1920లకు ముందుది కాదు.

ఇక ఏ ముద్రా లేని పనిముట్టు సంగతి ఏమిటి? అసలు పరీక్ష ఇక్కడే. మన కమ్మరి పేరు చెక్కలేదు. కల్లంలో ఏటేటా మేర కొలిచే రైతుకు ఆ కొడవలి ఎవరిదో వేరే చెప్పాలా? ఆ పేరు ఊరివారి నోట ఉండేది, ఇనుము మీద కాదు. అయినా చేతిపని దాగదు. గొడ్డలి కన్ను దగ్గర ఇనుపపట్టీని మడిచి అతికిన గీత, మెత్తని ఇనుముకు ఉక్కు అంచు కలిపిన జాడ, సమ్మెట దెబ్బల పల్లాలు చూడండి. కత్తి వీపున ఆకురాయి గాట్లు మిగిలి ఉంటే పాత ఆకురాయినే కాచి సాగగొట్టారన్నమాట. లారీ కమాను పట్టీతో చేసినదైతే లారీలు వచ్చిన తర్వాతిదని వేరే చెప్పనక్కరలేదు.

ఇనుము పుట్టుక మరో ప్రశ్న. నూజివీడు ప్రాంతంలోని రమణక్కపేటలో ఇనుము తీసే కొలుములను బెంజమిన్ హేన్ 1795లో చూసి వర్ణించాడు. అంటే మన చుట్టుపక్కలే ఇనుము పుట్టేది. అట్లాగని తుప్పు కింద కొయ్యపోగుల వంటి చారలు కనబడగానే ‘ఇది రమణక్కపేట ఇనుము’ అనరాదు. ఇంగ్లండు నుంచి దిగిన పాతరకం చేత ఇనుములోనూ ఆ చారలు ఉంటాయి. ఉన్న ఆధారం ఎంతవరకు చెబుతుందో అంతవరకే మనమూ చెప్పాలి.

చివరి ఆధారం మాట. పనిముట్టును ఆ ఇంట్లో ఏమని పిలుస్తారో, దాని భాగాల పేర్లేమిటో ఉన్నదున్నట్టు రాసుకోవాలి. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వాన 1962లో వచ్చిన వ్యవసాయ వృత్తి పదకోశం ఇటువంటి మాటలు ఏరి కూర్చినదే. పేరును బట్టి పనిముట్టు ఏ ప్రాంతం నుంచి వచ్చిందో ఊహించే వీలుంటుంది.

షెఫీల్డు కంపెనీల పేర్లు ఇనుము మీద ఉన్నాయి, కేటలాగుల్లోనూ ఉన్నాయి. అవి ఎక్కడికీ పోవు. మన కమ్మరి పేరు ముసలివాళ్ళ జ్ఞాపకంలో మాత్రమే ఉంది. విద్యార్థి మిత్రులారా, సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు తాతగారినో, అమ్మమ్మగారినో అడగండి: ‘ఈ బాడిస ఎవరు చేశారు? ఏ కొలిమిలో? ఎవరి కోసం?’ జవాబును, తేదీని, చెప్పినవారి పేరును ఒక చీటీ మీద రాసి దాని కామకు కట్టండి. పాత ఇనుము కొనేవాడు వచ్చేలోగా ఆ పని జరగాలి.