కనిపించిన దారి, ఊహించిన దారి

మనలో క్రికెట్ చూడనివారు తక్కువ. ఎల్‌బీడబ్ల్యూ అప్పీలు మూడో అంపైరు దాకా వెళ్తే టీవీలో బంతి దారిని గీసి చూపుతారు. ఆ గీతలో రెండు భాగాలున్నాయి. బౌలరు చేతినుంచి ప్యాడు దాకా ఉన్నది కెమెరాలు చూసిన దారి. అక్కణ్ణుంచి వికెట్ల దాకా ఉన్నది కంప్యూటరు ఊహించినది. ఈ తేడా పట్టుబడితే, వీడియోలో కదిలేవాటిని యంత్రం ఎలా వెంబడిస్తుందో సగం తెలిసినట్టే.

వీడియో అంటే వరుసగా తీసిన ఫోటోలు. సెకనుకు 25 అనుకుందాం. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి ఒక ఫోటోకూ మరో ఫోటోకూ మధ్య ఒకటిన్నర మీటరు దాటేస్తుంది. అందుకే 2001లో లార్డ్స్ టెస్టు ప్రసారంలో తొలిసారి కనిపించిన హాక్-ఐ వంటి పద్ధతులకు మైదానం చుట్టూ వేగంగా ఫోటోలు తీసే కెమెరాలు కావాలి.

మిగతాది అంచనా. 1960లో రుడాల్ఫ్ కాల్మన్ ప్రకటించిన లెక్క ఇప్పటికీ విరివిగా వాడుకలో ఉంది. ఇంతవరకూ ఉన్న వేగాన్నిబట్టి వస్తువు తర్వాత ఎక్కడుంటుందో ముందే చెప్పుకోవడం, కొత్త ఫోటో రాగానే సరిదిద్దుకోవడం. సంతలో చెయ్యి వదిలిన పిల్లవాణ్ణి తల్లి వెతికేదీ ఇలాగే కదా, చివరిసారి ఎటు నడిచాడో అటు!

బంతి ఒక్కటే. బజారులోని సీసీ కెమెరా ముందు వందమంది. ట్రాకింగ్ ప్రోగ్రాముకు వారి పేర్లు తెలియవు, తలా ఒక నంబరు ఇస్తుంది. ఒకే రంగు చొక్కాలున్న ఇద్దరు స్తంభం చాటుకు వెళ్లి వస్తే 7వ నంబరువాడు 12 కావచ్చు, 12 కాస్తా 7 కావచ్చు. ఇలాంటి ప్రోగ్రాములను పరీక్షించేటప్పుడు ఈ తారుమారు ఎన్నిసార్లు జరిగిందో ప్రత్యేకంగా లెక్కిస్తారు. అంటే ఇది ఎప్పుడో జరిగే వింత కాదు.

క్రికెట్‌లో ఈ అనుమానానికి చోటిచ్చారు. వికెట్లకు తగిలేది బంతిలో సగంకన్నా తక్కువేనని అంచనా వస్తే మైదానంలోని అంపైరు తీర్పే నిలుస్తుంది. ఒక్క వికెట్టుకే ఇంత జాగ్రత్త!

ఫుటేజీ చూపి మన పిల్లవాడిపై నేరం మోపితే, కుటుంబం తరఫున వెళ్లే పెద్దలు ఇదే అడగాలి. దుకాణం ముందు కనిపించినవాడూ, రోడ్డు దాటినవాడూ ఒకడేనా? మధ్యలో ఎన్ని సెకన్లు కనుమరుగయ్యాడు? కత్తిరించిన ముక్క చాలదు, మొత్తం రికార్డింగు కావాలి. పాతదానిమీద కొత్తది ఎక్కిపోతుంది గనుక, మొదటి రోజుల్లోనే రాతపూర్వకంగా కోరాలి.