బయలు ఎవరు? ధాన్యమిచ్చినదెవరు?

పాఠ్యభాగము: హోషేయ 2:5-16, ద్వితీ. 11:10-17



“సార్, బయలు అంటే మైదానమా?” అని సండేస్కూలు పిల్లలు అడుగుతుంటారు. కాదు. మన తెలుగు బయలు వేరు, ఇది వేరు. ఇది హెబ్రీ మొదలైన సెమిటిక్ భాషల మాట. యజమానుడు, భర్త అని అర్థము. ఉరుమును, వర్షమును పంపేది ఇతడేనని కనానీయుల నమ్మకము. అష్తారోతు, అషేరా అను దేవతల వలన సంతానము, మందల వృద్ధి కలుగునని తలంచేవారు.

1928లో సిరియా తీరాన రాస్ షమ్రా దగ్గర పొలము దున్నుతున్న రైతు నాగలికి పాత సమాధి రాయి తగిలింది. మరుసటి సంవత్సరము నుండి త్రవ్వగా ఉగారితు పట్టణము, అందులో వ్రాతలున్న మట్టి పలకలు దొరికాయి. మోతు అను మరణదేవుడు బయలును మ్రింగివేస్తే నేల ఎండిపోవడము, బయలు తిరిగి లేస్తే వాన రావడము ఆ పలకలలోని కథ. ఏలీయా దినములలో మూడేండ్లు వాన ఎందుకు ఆగిందో ఇప్పుడు గ్రహించండి. బయలుకు సొంతమని చెప్పుకొనే పని మీదనే దేవుడు చెయ్యి వేశాడు.

ఇశ్రాయేలీయులు యెహోవాను పూర్తిగా మానివేశారా? లేదు. అరణ్యములో కాపాడినది ఆయనే, పంటకు మాత్రము స్థానిక దేవుడు కావాలి అనుకున్నారు. ఐగుప్తులో నది నీళ్లుండేవి. కనానులో ఆకాశమే దిక్కు. ఆ భయములోనుండి విగ్రహము పుట్టింది. ధాన్యము, ద్రాక్షారసము, నూనె ఇచ్చినది తానేనని ఆమె ఎరుగలేదని హోషేయ ద్వారా దేవుడు దుఃఖపడ్డాడు. ఇంకొక సంగతి, 16వ వచనము చూడండి. తననే బయలు అని పిలువవద్దంటాడు! అంటే యెహోవానే బయలుగా మార్చుకోవచ్చునన్న మాట.

ఇంటిలో బొమ్మ లేదు గనుక మనకీ పాఠము అక్కరలేదా? చెన్నైలో ఇల్లు రిజిస్టరు చేయించేటప్పుడు దినసరి క్యాలెండరులో రాహుకాలము చూచేవారు మన సంఘాల్లో లేరా? ప్రమోషను, వీసా వచ్చేవరకు ఉపవాసముండి, వచ్చాక ఆరాధనకు కనబడనివారు ఎందరు? నేనును పిల్లల ఉద్యోగాలకు చేసినంత ప్రార్థన మరి దేనికీ చేయలేదు.

మన పితరుల చరిత్రలో దీనికి జవాబున్నది. 1876-78 మహాకరవులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకము కాంట్రాక్టు తీసుకొని వేలమందికి కూలి, గంజి దొరికేటట్లు చేశారు. మన నగరము గుండా పోయే కాలువ అదే. బాప్తిస్మము అడిగినవారికి మాత్రము కరవు కాలములో సుమారు 15 నెలలు ఇవ్వలేదు. అన్నము కొరకు ప్రభువు దగ్గరకు వచ్చారన్న మాట వద్దని ఆయన ఉద్దేశము. 1878 జూన్‌లో సహాయనిధి అయిపోయింది, ఇక ఇచ్చేదేమీ లేదని తెలియజేశారు. అయినా జనము వచ్చారు. జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మము పొందారు.